రెండు మంచాల గది

పని మానేసినాక మా పాత ఆఫీసువాళ్ళు ఒకసారి పిలిచి, కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. పోయినాను. ఒక శాలువా కప్పి, ‘హేమావతి మేడమ్ ప్రపంచమంతా చూసినారు’ అని పరిచయం చేసినారు. నాకు నవ్వొచ్చింది. టూర్ మేనేజర్ అంటే బస్సులో డ్రైవరు పక్కన మైకు పట్టుకుని, అద్దానికి వీపు పెట్టి, ప్యాసింజర్ల వైపు తిరిగి నిలబడే మనిషి. మంచుకొండలన్నీ నా వీపు వెనకే పోయినాయి. నేను చూసిందల్లా కొండలను చూస్తున్న ముఖాలు.

ఆ దినం అంతమంది ముందర మాట పెగల్లేదు. ఇంటికొచ్చి తాళం తీసి, ఫ్యాను కింద కూచున్నాక ఒక్కొక్కటీ గుర్తుకొచ్చినాయి. ఇంట్లో చెప్పుకునేదానికి ఎవరూ లేరు, అందుకే రాస్తా ఉండాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదివితే సంతోషం.

ఒక మాట ముందే చెప్తాను. నాది బెంగళూరు తెలుగు. మా పెద్దవాళ్ళు దొడ్డబళ్ళాపురంలో పట్టు నేసేవాళ్ళు, నేను పుట్టి పెరిగింది చామరాజపేట. నేను మైకులో ‘ఎడమపక్క నది ఉండాది’ అంటే హైదరాబాదు ప్యాసింజర్లు ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్ళు. మొదట్లో సిగ్గుపడేదాన్ని, తర్వాత నేనూ నవ్వేదాన్ని. ఈ వయసులో మార్చుకునేది ఏమీ లేదప్పా.

ఎందుకు పోతారంటే

నేను చేరిన కాలంలో విదేశానికి పోవాలంటే గట్టి కారణం ఉండాల. చిక్కపేట పట్టు వ్యాపారస్తులు చైనాకు దారం చూసేదానికి పోయేవాళ్ళు. దొడ్డబళ్ళాపురం మగ్గాలవాళ్ళు కొందరు మిషన్లు చూస్తామని వాళ్ళ వెంట పోయేవాళ్ళు. ఊరికే చూసొస్తామంటే, ఏం తలకాయ తిరిగిందా అని ఇంట్లోవాళ్ళే అడిగే రోజులు. ఆ తర్వాత సిమెంటు కంపెనీలు, పెయింటు కంపెనీలు బాగా సరుకు అమ్మిన డీలర్లను బ్యాంకాకు పంపడం మొదలుపెట్టినాయి. ఇంట్లో మీటింగని చెప్పి పోయేవాళ్ళు. ఆ మీటింగేందో వాళ్ళ భార్యలకూ తెలుసు, మాకూ తెలుసు. ఆడమనిషినని ఆ గుంపులు నాకు ఇచ్చేవాళ్ళు కాదు. మంచిదే అయింది.

తర్వాత సింగపూరు, మలేసియా కాలం. ఎండాకాలం సెలవుల్లో పిల్లాజెల్లాతో పోయేది. దాని వెనకే యూరప్, అదీ మన వంటమనిషిని వెంటబెట్టుకుని. స్విట్జర్లాండు కొండ కింద నిలబడి బిసిబేళె బాత్‌లో ఉప్పు తగ్గిందని గలాటె చేసినవాళ్ళను చూసినాను. చాలామంది ఎగతాళి చేస్తారు గానీ నేను చేయను. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో వేడివేడి అన్నం దొరికితే ఆ ఊరు మీద కోపం సగం తగ్గిపోతుంది. ఆ తర్వాత కొత్త జంటలకు బాలి, మాల్దీవులు. ఆ తర్వాత చేతిలోకి ఫోన్లు వచ్చినాక ఊరి పేరు అడిగేది మానేసినారు. ఒక ఫోటో చూపించి, ఇది యాడ ఉండాదో ఆడికి పంపండి అనేవాళ్ళు.

కరోనా తర్వాత ఒక తొందర వచ్చింది. రిటైరయినాక చూద్దాంలే అనే మాట మా కౌంటరు దగ్గర మళ్ళీ వినపడలేదు. ఇప్పుడు వీసా సులభంగా దొరికే దేశాల వంతు. వియత్నాం, జార్జియా, కజకిస్తాన్. బ్రూక్‌ఫీల్డు నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు ఫోన్ చేసి, ‘మేడమ్, లాంగ్ వీకెండ్ ఉంది, ప్లేస్ ఏదైనా ఓకే, వీసా త్వరగా వచ్చేది చెప్పండి’ అంటారు. ఏదైనా ఓకే అన్నప్పుడు నాకు కొంచెం దిగులేసేది. ఇక్కడుండకుంటే చాలని అడుగుతా ఉన్నట్టు వినపడేది.

దేశాలు మారినాయి, ఇది అందరికీ తెలిసిందే. నాకు తెలిసిన అసలు మార్పు వేరే ఉండాది. ఒక్కరే వచ్చేవాళ్ళు ఎక్కువైనారు. మొదట్లో ఒక ఆడమనిషి ఒక్కతే టూరుకు వస్తే బస్సంతా ఆమె గురించే గుసగుసలు. నేను పని మానేసే కాలానికి ప్రతి గుంపులోనూ ఒకరో ఇద్దరో ఉండేవాళ్ళు. పెళ్ళికానివాళ్ళు, విడిపోయినవాళ్ళు, మొగుడికి సెలవు దొరకనివాళ్ళు. మా పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం వాళ్ళతోనే మొదలవుతాది.

గోవిందప్ప గారి పద్ధతి

టూర్లలో హోటలు గది అంటే ఇద్దరికి. రెండు మంచాలు ఉంటాయి. ఒక్కరే వచ్చినవాళ్ళను ఇంకొకరితో జత చేయాల. దీన్ని మేము షేరింగ్ అంటాం. ముక్కూముఖం తెలియని ఇద్దరు ఆడవాళ్ళు వారం పది దినాలు ఒకే బాత్రూమ్ వాడుకోవాల, ఒకరి నిద్ర ఇంకొకరు భరించాల. ఈ జతలు కలిపే పని మా ఓనరు గోవిందప్ప గారు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. తనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాడు. ఎప్పుడు లేస్తారమ్మా, గురక పెడతారా, లైటు ఆర్పేసి పడుకుంటారా, ఏసీ పడతాదా, మాట్లాడే మనిషా, మౌనంగా ఉండే మనిషా. ఇవన్నీ నవ్విస్తా నవ్విస్తా రాబట్టేవాడు.

మనిషి మంచివాడని చెప్పను. నోరు చెడ్డది. సీజన్లో సెలవడిగితే కసిరేవాడు. మెచ్చుకోలు మాట ఆయన నోట ఎవరూ వినలేదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆయనను మించినవాణ్ణి నేను చూడలేదు. ‘జత కుదరకపోతే ఎంత పెద్ద ఊరైనా జైలే హేమా’ అనేవాడు. ఒక్కటి మాత్రం అడగనిచ్చేవాడు కాదు: ఒక్కరే ఎందుకు వస్తా ఉండారని. చెప్పాలనుకుంటే వాళ్ళే చెప్తారు, లేదంటే మనకెందుకు అనేవాడు.

టూర్ మేనేజరుకు మాత్రం ఒంటరి గది. ఇది అన్ని కంపెనీల్లోనూ రూలే. ఏ సమయంలో ఎవరు తలుపు కొడతారో తెలీదు, పాస్‌పోర్టులు మన దగ్గరే ఉంటాయి, కాబట్టి వేరే గది. కొత్త పిల్లలు దాన్ని పెద్ద సౌకర్యం అనుకుంటారు. నాకు మాత్రం ఆ గది ఎప్పుడూ పడలేదు. దినమంతా మైకులో అరిచి అరిచి, అందరికీ తాళాలు పంచి, నా తలుపు వేసుకుంటే చెవుల్లో ఒక హోరు. టీవీ పెట్టేదాన్ని, భాష తెలియకపోయినా. రెండో మంచం మీద దుప్పటి మడత కూడా నలగకుండా ఉండేది. దాని మీద నా బ్యాగు పెట్టేదాన్ని.

నాకు పెళ్ళి కాలేదు. సంబంధాలు చూసే వయసులో నేను ఎప్పుడూ ఎయిర్‌పోర్టులోనే ఉండేదాన్ని. అమ్మ ఉన్నంతవరకు ఇంటికొస్తే, ఏం తిన్నావే, అక్కడ నీళ్ళెట్ల ఉండాయి అని అడిగేది. ఏ దేశం నుంచి వచ్చినా అదే ప్రశ్న. అమ్మ పోయినాక నీళ్ళ సంగతి అడిగేవాళ్ళు లేరు.

ఇద్దరూ తెలుగువాళ్ళే కదా

ఒకసారి గోవిందప్ప గారు కంటి ఆపరేషనని ఇంట్లో ఉంటే, కొత్తగా వచ్చిన మేనేజరు ఒకాయన జతలు కలిపినాడు. ఆయన కన్నడం మనిషి. ఇద్దరూ తెలుగువాళ్ళే కదా, బాగా కుదురుతుందని, బళేపేట లక్ష్మమ్మను, బ్రూక్‌ఫీల్డు సునీతను ఒక గదిలో వేసినాడు. లక్ష్మమ్మది ఇత్తడి సామాన్ల అంగడి, నాలుగు తరాలుగా బెంగళూరే. సునీత గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చిన అమ్మాయి, మాటకు రెండు ఇంగ్లీషు ముక్కలు. ఇద్దరి తెలుగూ వేరు, ఇద్దరి గడియారాలూ వేరు.

దుబాయిలో రెండో దినమే ఇద్దరూ లాబీలో చెరొక సోఫాలో ముఖాలు తిప్పుకుని కూచున్నారు. లక్ష్మమ్మ తెల్లవారకముందే లేచి, సూట్‌కేసు మీద దేవుడి పటం పెట్టి, గంట వాయించిందట. సునీత లేచి ఇదేం న్యూసెన్స్ అన్నదట. లక్ష్మమ్మ చనువుగా ‘ఏమే, లేచి స్నానం చెయ్యి’ అన్నదానికి ఆ పిల్ల, మీరు నన్ను ఏమే అంటారా అని ఏడ్చిందట. లక్ష్మమ్మకు అర్థం కాలేదు. వాళ్ళింట్లో కోడళ్ళను, మనవరాళ్ళను అందరినీ అట్లనే పిలుస్తాది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. తప్పంతా భాష ఒకటైతే మనుషులు ఒకటే అనుకున్నవాడిది.

హోటల్లో వేరే గది దొరకలేదు. రూలు పక్కనబెట్టి లక్ష్మమ్మను నా గదిలోకి తెచ్చుకున్నాను. నా బ్యాగు కిందికి దింపి రెండో మంచం ఆమెకిచ్చినాను. మిగిలిన దినాలన్నీ ఆ గంటతోనే లేచినాను. లేచేసరికి ఆమె కెటిల్లో కాఫీ కలిపి పెట్టి ఉండేది, చిక్కటి డికాక్షను, పొడి ఊరి నుంచే తెచ్చుకుంది. ఏమే, తాగు, చల్లారిపోతాది అనేది. చెప్తే నమ్మరు, ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను హాయిగా నిద్రపోయింది ఆ టూర్లోనే. ఎయిర్‌పోర్టులో ఆమె కొడుకు వచ్చి సామాను తీసుకుపోతా ఉంటే నేను పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. నా ప్యాసింజర్లెవరికీ అది కనపడలేదు.

రమణమ్మ

పని మానేసే ముందు ఏడాది, సింగపూరు గుంపులో రమణమ్మ వచ్చింది. హెబ్బగోడి దగ్గర గార్మెంట్ ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజరు. మదనపల్లి పక్క పల్లె. చెల్లెలి సంసారంతో ఒకటే గదీ వంటిల్లూ ఉండే ఇంట్లో ఉంటాది. బుకింగు దగ్గర ఆమె అడిగింది ఒక్కటే: నాకు ఒంటరి గది కావాల. అదనంగా కట్టాల్సొస్తుందని మా ఆఫీసు పిల్లలు చెప్పినా, తెలుసు, కట్టుకుంటా అన్నదట. సునీత లాంటి అమ్మాయి అడిగితే ఎవరూ ఏమీ అనరు. ఫ్యాక్టరీ మనిషి అడిగేసరికి ఆఫీసులో అందరూ వింతగా చెప్పుకున్నారు.

ఆమె టూరంతా బస్సులో చివర కూచునేది. ఫోటోలు తీసుకోలేదు. చివరి దినం పెద్ద పార్కు చూసేది, రైడ్లు, బొమ్మలు, అందరూ దానికోసమే ఎదురుచూస్తా ఉన్నారు. బస్సు బయల్దేరే సమయానికి రమణమ్మ కిందికి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఈ పనిలో మూసిన తలుపు వెనక ఏముంటాదో అనే భయం ఎప్పుడూ ఉంటాది. పైకి పోయి తలుపు కొట్టినాను.

తీసింది. తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని ఉంది. ఒంట్లో బాగలేదా అని అడిగినాను. బాగనే ఉండాను మేడమ్, మీరు పోండి అన్నది. ఏం చేస్తావు ఇక్కడ అంటే, చెప్పేదానికి సిగ్గుపడి, తలుపు కొంచెం దగ్గరికి లాక్కుంది.

‘ఊరికే కూచుంటా మేడమ్. పుట్టినప్పట్నుంచి నా పక్కన ఎవరో ఒకరు ఊపిరి తీస్తానే ఉండారు. పల్లెలో అంతే, హాస్టల్లో అంతే, చెల్లెలింట్లో అంతే. లోపల గడియ పెట్టుకుని నేనొక్కదాన్నే ఉంటే ఎట్లుంటాదో చూడాలనే ఇంత దూరం వచ్చినా. పార్కులు మన బన్నేరుఘట్టలోనూ ఉండాయి.’

కిందికి దిగి బస్సెక్కి, ఆమెకు కొంచెం తలనొప్పని అందరికీ చెప్పినాను. దారంతా అదే ఆలోచన. ఏ గదినుంచి నేను పారిపోవాలని చూస్తానో, ఆ గది కోసం ఒక మనిషి ఏండ్ల తరబడి ఓవర్‌టైము చేసి సముద్రం దాటింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

అప్పట్నుంచి పండగలకు ఫోన్లో పలకరించుకుంటా ఉంటాం. ఆమె నన్ను మేడమ్ అనే అంటాది.

నాకు చేసిన మర్యాద

రిటైరయినాక ఇల్లు మరీ నిశ్శబ్దమైంది. టూర్లలో ఉన్నప్పుడు రోజూ బస్సెక్కినవాళ్ళ తలలు లెక్కపెట్టేది అలవాటు. ఇప్పుడు ఇంట్లో పొద్దున లేస్తే లెక్కపెట్టేదానికి నా తల ఒక్కటే. పోయిన ఏడు తెగించి, ప్యాసింజరుగా ఒక టూరు పోదామనుకున్నాను. వియత్నాం, మా కంపెనీలోనే. ఫారంలో షేరింగ్ అని రాసినాను. సిగ్గులేకుండా చెప్తా ఉండాను, నాకు వియత్నాం అక్కర్లేదు. రెండో మంచం మీద ఒక మనిషి కావాల.

గోవిందప్ప గారు లేరిప్పుడు. జతలు కిరణ్ అనే అబ్బాయి చూస్తాడు, కంప్యూటర్లో. చాలా మర్యాదస్తుడు. నెల ముందు ఫోన్ చేసి, ‘మేడమ్, గుడ్ న్యూస్. మీరు మా సీనియర్ కదా, మీకు సింగిల్ రూమ్ ఇచ్చేశాం. ఎక్స్‌ట్రా ఏమీ లేదు, కాంప్లిమెంటరీ’ అన్నాడు. మా పనిలో ఇదొక ఆచారం. పాతవాళ్ళు వస్తే మంచి గది ఒంటరిగా ఇస్తారు, అదే గౌరవం. నేనే ఎంతోమంది పెద్దవాళ్ళకు ఇప్పించినాను. వాళ్ళు థాంక్స్ చెప్పి ముఖం తిప్పుకున్నప్పుడు గర్వమనుకున్నాను.

థాంక్సప్పా అని ఫోన్ పెట్టేసినాను. వద్దు, నాకు తోడు కావాలని ఆ పిల్లవాడికి చెప్పేదానికి నోరు రాలేదు. తర్వాత రమణమ్మకు ఫోన్ చేసినాను. వియత్నాం వస్తావా, నా గదిలో ఉందువుగాని అన్నాను. అవతల మిషన్ల చప్పుడు. అది తగ్గేదాకా నడిచిపోయి మాట్లాడింది.

‘వస్తా మేడమ్. కానీ నా గది నాకు కావల్ల. తప్పుగా అనుకోవద్దండి.’

అనుకోను అన్నాను. అనుకున్నాను. ఆ పూట అన్నం సయించలేదు. తెల్లారి కిరణ్‌కు ఫోన్ చేసి, రమణమ్మ పేరు రాయించి, గదులు వేరే అయినా ఫర్వాలేదు, కనెక్టింగ్ రూములు ఇప్పించమన్నాను. పక్కపక్క గదులకు మధ్యలో తలుపుంటాది, అట్లాంటివి. పిల్లలున్న కుటుంబాలకు ఇస్తారు. ఆ అబ్బాయికి ఎందుకో అర్థం కాలేదు గానీ ఇప్పించినాడు.

మధ్య తలుపు

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్తాను. కనెక్టింగ్ గదుల మధ్య ఉండేది ఒక తలుపు కాదు, రెండు. ఒకదాని వీపుకు ఒకటి. ఎవరి వైపుది వాళ్ళే తీయాల. నా తలుపు తీస్తే నాకు కనపడేది రమణమ్మ తలుపు చెక్క. దానికి నా వైపు పిడి కూడా ఉండదు.

గదిలోకి పోయిన వెంటనే నాది తీసిపెట్టినాను. రమణమ్మది మూసి ఉండాది. మాకిద్దరికీ ఇచ్చినవి రెండేసి మంచాల గదులే. సముద్రం పక్క హోటలు అది, కిటికీ తీస్తే అలల చప్పుడు. అయినా నా చెవి చెక్క మీదే. ఆమె నడిచే చప్పుడు, కొళాయి చప్పుడు, ఒక్కోసారి సన్నగా ఏదో కూనిరాగం. బస్సులో ఇద్దరం పక్కపక్కన కూచునేవాళ్ళం. మొదటిసారి కిటికీలోంచి ఒక దేశం చూసినాను, వరిమళ్ళు, టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు. ఆమె వేరుశనగ ఉండలు తెచ్చింది, ఇద్దరం తిన్నాం. హోటలుకు వచ్చినాక మాత్రం, వస్తా మేడమ్ అని లోపలికి పోయి గడియ పెట్టుకునేది. ఆ గడియ పడిన చప్పుడు వినపడినప్పుడల్లా నాకు నొప్పి పుట్టేది. తడదామని చెయ్యెత్తి, ఎన్నిసార్లు దించినానో. సింగపూరులో ఆమె తలుపు దగ్గరికి లాక్కున్నది గుర్తొచ్చేది.

చివరి దినం మధ్యాహ్నం అందరూ బజారుకు పోయినారు. నేను మంచం మీద పడుకుని ఉండాను. టకీమని గడియ చప్పుడు. తలెత్తి చూస్తే ఆమె తలుపు తెరుచుకుని ఉండాది, రమణమ్మ గడపలో నిలబడి ఉండాది. చేతిలో సూట్‌కేసు, దాని జిప్పు ఊడి వచ్చింది. నా వైపు తలుపు కొట్టాలని వచ్చి, అది తెరిచి ఉండటం చూసి నిలిచిపోయింది.

నన్ను చూసింది, నా తలుపును చూసింది. తలుపు కదలకుండా నేను అడ్డం పెట్టిన చెప్పును చూసింది.

‘వచ్చిన దినం నుంచీ తీసే పెట్టినారా?’

ఊఁ అన్నాను.

‘తట్టింటే సరిపోయేది కదా.’

‘నీ గది కదమ్మా’ అన్నాను. కళ్ళు మసకలయినాయి. ఆమె చూడకూడదని సూట్‌కేసు తీసుకుని జిప్పు మీదికి తల దించుకున్నాను.

ఆమె నా రెండో మంచం దగ్గరకొచ్చి, దాని మీదున్న నా బ్యాగును కింద పెట్టి, అంచున కూచుంది. నేను సబ్బు ముక్క రుద్ది జిప్పు ఎక్కించి ఇచ్చినాను. అయినాక లేచింది. ‘కొంచేపు పడుకుంటానక్కా’ అన్నది.

తన గదిలోకి పోయింది. మంచం కిర్రుమన్నది వినపడింది. గడియ చప్పుడు కోసం ఎదురుచూస్తా పడుకున్నాను. అది పడలేదు.